రాతిలో దాగిన సముద్ర చరిత్ర: కార్బన్ ఐసోటోపు విచలనాలను చదివిన తీరు

సముద్రాల అడుగున పేరుకుని గట్టిపడిన సున్నపురాయి, డోలమైట్ వంటి శిలల్లో కార్బన్ ఒక ముఖ్య భాగం. తెలుగు ఇళ్లలో నేల మీద పరిచే తాండూరు బండలు, కడప బండలు కూడా ప్రాచీన సముద్రాల్లో పుట్టిన సున్నపురాళ్లే. ఇలాంటి రాయి ఏర్పడేటప్పుడు నీటిలో కరిగి ఉన్న కార్బన్ అందులో చేరి నిలిచిపోతుంది. ఆ కార్బన్‌లో స్థిరమైన ఐసోటోపులు రెండు. నూటికి దాదాపు 98.9 పాళ్లు తేలికైన కార్బన్-12, మిగిలిన 1.1 పాళ్లు బరువైన కార్బన్-13. రేడియోధార్మిక కార్బన్-14లా ఇవి కాలంతో తరిగిపోవు. అందుకే కోట్ల ఏళ్లు గడిచినా ఈ రెంటి నిష్పత్తి రాతిలో మిగిలే వీలుంది.

భూచరిత్రలో ఎక్కువ కాలం ఆ నిష్పత్తి దాదాపు ఒకే స్థాయిలో సాగింది. కొన్ని పొరల్లో మాత్రం ఉన్నట్టుండి పైకి ఎగసింది, లేదా కిందికి పడిపోయింది. ఈ మార్పులనే కార్బన్ ఐసోటోపు విచలనాలు అంటారు. ఇవి ఆనాటి సముద్రంలో జరిగినదానికి గుర్తులా, లేక ఆ తర్వాత రాతికి పట్టిన మార్పులా అన్నదే ఈ శాస్త్రంలో మొదటి నుంచీ ఉన్న ప్రశ్న.

కొలత పుట్టిన తీరు

1939లో అమెరికా శాస్త్రవేత్తలు గల్‌బ్రాన్సెన్, ఆల్ఫ్రెడ్ నీర్ మాస్ స్పెక్ట్రోమీటరుతో ప్రకృతిలోని కార్బన్‌ను కొలిచారు. సున్నపురాళ్లలో కార్బన్-13 కాస్త ఎక్కువగా, మొక్కల నుంచి వచ్చిన పదార్థంలో కాస్త తక్కువగా ఉందని తేలింది. ఒకే మూలకపు ఐసోటోపులు రసాయన చర్యల్లో వేర్వేరుగా ఎందుకు నడుచుకుంటాయో 1947లో హెరాల్డ్ యూరీ లెక్కలతో వివరించాడు. సున్నపురాయి పొడిని ఫాస్ఫారిక్ ఆమ్లంతో కరిగించి, వెలువడే కార్బన్ డయాక్సైడును కొలిచే పద్ధతిని 1950లో మెక్‌క్రే ప్రకటించాడు. ఈనాటి ప్రయోగశాలలకు కూడా ఆ పద్ధతే ఆధారం. షికాగో విశ్వవిద్యాలయంలో యూరీ బృందానికి చెందిన హార్మన్ క్రెయిగ్ 1953లో రాళ్లు, మొక్కలు, జంతువులు, గాలి, నీరు అన్నింటిలోని కార్బన్ ఐసోటోపులను విస్తృతంగా పరిశీలించి, ఈ రంగానికి పునాది వేశాడు.

ఈ తేడాలు చాలా సూక్ష్మమైనవి కనుక వాటిని ఒక ప్రమాణంతో పోల్చి, వెయ్యికి ఇన్ని పాళ్లు ఎక్కువ లేదా తక్కువ అని చెబుతారు. అమెరికాలో దక్షిణ కెరొలైనా రాష్ట్రపు పీడీ శిలల్లో దొరికిన బెలెమ్నైట్ శిలాజం మొదటి ప్రమాణమైంది. బెలెమ్నైట్ అంటే స్క్విడ్ జాతికి దగ్గరి, అంతరించిన సముద్రజీవి. ఆ శిలాజపు పొడి అయిపోయాక వియన్నా పేరుతో స్థిరపరచిన కొలమానం దాని స్థానంలోకి వచ్చింది. ఈ కొలమానంలో మామూలు సముద్రపు సున్నపురాయి విలువ సున్నాకు దగ్గరగా ఉంటుంది.

జమాఖర్చుల లెక్క

విలువ సున్నా దగ్గరే నిలవడానికి కారణం కార్బన్ జమాఖర్చుల్లో ఉంది. అగ్నిపర్వతాల నుంచి సముద్రానికీ వాతావరణానికీ చేరే కార్బన్ విలువ సుమారు మైనస్ 5. బయటికి పోయే దారులు రెండు: సున్నపురాయిగా అడుగున చేరడం ఒకటి, జీవుల అవశేషాలు మట్టిలో పూడుకుపోవడం రెండోది. కిరణజన్య సంయోగక్రియ తేలికైన కార్బన్-12ను ఎక్కువగా గ్రహిస్తుంది. అందువల్ల జీవపదార్థం విలువ సున్నపురాయి కంటే దాదాపు 25 పాళ్లు తక్కువగా ఉంటుంది. బయటికి పోయే కార్బన్‌లో అయిదో వంతు జీవపదార్థంగా, మిగిలింది సున్నపురాయిగా పూడుకుపోతే లెక్క సరిపోయి, సున్నపురాయి విలువ సున్నా అవుతుంది.

విచలనాలను చదివే సంప్రదాయ పద్ధతి ఈ లెక్క నుంచే పుట్టింది. జీవపదార్థం వాటా అయిదింట రెండు వంతులకు పెరిగితే సున్నపురాయి ప్లస్ 5కు చేరుతుంది. ఆ వాటా పూర్తిగా ఆగిపోతే మైనస్ 5కు దిగుతుంది. అంతకంటే కిందికి దిగడం ఈ లెక్కలో కుదరదు. పూడుకుపోయిన జీవపదార్థం కుళ్లడానికి ఆక్సిజన్‌ను వాడుకోదు కనుక, ఆ మేరకు ఆక్సిజన్ గాలిలో మిగిలిపోతుంది. అలా సున్నపురాయిలోని ఒక అంకె నుంచి ఆనాటి గాలి గురించి చెప్పే మార్గం ఏర్పడింది.

మొదటి పెద్ద విచలనం

నేటి జింబాబ్వేలోని లొమగుండి డోలమైట్లలో సగటున ప్లస్ 9 దాటిన విలువలు ఉన్నాయని మాన్‌ఫ్రెడ్ షిడ్లోవ్‌స్కీ బృందం 1976లో ప్రకటించింది. మూతపడిన ఒక చిన్న సముద్రపు పాయలో జరిగిన స్థానిక విశేషంగానే మొదట దాన్ని భావించారు. తర్వాతి ఏళ్లలో ఫిన్లాండ్, రష్యాలోని కరేలియా, ఇంకా ఇతర ఖండాల్లో అదే కాలపు శిలల్లో అలాంటి విలువలే కనిపించాయి. సుమారు 222 కోట్ల నుంచి 206 కోట్ల ఏళ్ల కిందటి ఈ ఘట్టం భూచరిత్రలో అతిపెద్ద ధన విచలనంగా స్థిరపడింది. 1996లో కార్హు, హాలండ్ ఈ విలువలను పాత లెక్కలో పెట్టి, నేటి గాలిలో ఉన్నదానికి 12 నుంచి 22 రెట్ల ఆక్సిజన్ ఆ కాలంలో విడుదలైందని అంచనా వేశారు. గాలిలో ఆక్సిజన్ మొదటిసారి పెరిగిన కాలానికి ఇది దగ్గరగా ఉండటంతో ఆ అంచనాకు గట్టి ఆదరణ లభించింది.

పొరలను పోల్చే సాధనం

ఇదే సమయంలో విచలనాలు కాలాన్ని గుర్తించే సాధనంగానూ మారాయి. క్రిటేషియస్ యుగపు సున్నపురాళ్లలో దూరదూర ప్రాంతాల మధ్య పొరలను కార్బన్ విలువలతో జత చేయవచ్చని 1980లో షోల్, ఆర్థర్ చూపారు. సుమారు 9.4 కోట్ల ఏళ్ల కిందట సముద్రాల లోతుల్లో ఆక్సిజన్ కరువై, జీవపదార్థం కుళ్లకుండా నల్లని బురదగా పేరుకుంది. ఆ పొరల్లో ధన విచలనం స్పష్టంగా కనిపిస్తుంది. 25.2 కోట్ల ఏళ్ల కిందటి పెర్మియన్ యుగాంతపు మహావినాశనానికి రుణ విచలనం గుర్తు. చైనాలోని మీషాన్‌లో, ఆస్ట్రియాలోని ఆల్ప్స్ పర్వతాల్లో, కశ్మీర్‌లోని గుర్యుల్ లోయలో ఆ సరిహద్దు పొరలను పరిశోధకులు నిశితంగా పరిశీలించారు.

భూమి హఠాత్తుగా వేడెక్కిన 5.6 కోట్ల ఏళ్ల కిందటి ఉష్ణఘట్టం విచలనాన్ని ఎలా రుజువు చేయాలో నేర్పింది. అంటార్కిటికా సమీపంలో సముద్రగర్భం నుంచి తవ్వి తీసిన మట్టిలోని సూక్ష్మజీవుల గుల్లల్లో విలువలు హఠాత్తుగా పడిపోయాయని 1991లో కెన్నెట్, స్టాట్ చూపారు. మరుసటి ఏడాదే కోచ్, జాకోస్, జింజెరిక్ అమెరికాలోని వయోమింగ్ నేలపొరల్లోని సున్నపు గడ్డల్లో, క్షీరదాల దంతాల్లో అదే పతనాన్ని గుర్తించారు. లోతు సముద్రపు గుల్లకూ నేల మీద తిరిగిన జంతువు దంతానికీ ఒకే రకమైన మార్పు తర్వాత పట్టే అవకాశం లేదు. కనుక ఆ పతనం ప్రపంచమంతటా జరిగినదేనన్న నిర్ణయం నిలిచింది. పతనానికి కారణమైన తేలికైన కార్బన్ ఎక్కడి నుంచి వచ్చిందన్నదానిపై వాదం సాగింది. సముద్రగర్భంలో గడ్డకట్టిన మీథేన్ కరిగి వెలువడిందని 1995లో డికెన్స్ బృందం ప్రతిపాదించింది. ఉత్తర అట్లాంటిక్ అగ్నిపర్వతాల పాత్రే పెద్దదని ఆ తర్వాత మరికొందరు వాదించారు.

మంచుయుగాల శిలలు

ఆధారాలు సులువుగా దొరకని చోట వ్యాఖ్యానం కష్టమైంది. 54 కోట్ల ఏళ్లకు ముందటి శిలల్లో సున్నపు గుల్లలున్న సూక్ష్మజీవుల శిలాజాలు గానీ, జంతువుల దంతాలు గానీ లేవు. అంత పాత సముద్రగర్భం కూడా మిగలలేదు. స్వాల్‌బార్డ్, తూర్పు గ్రీన్‌లాండ్ శిలల్లో విలువలు ఎంతో ఎత్తుకు లేచి, అంతే లోతుకు పడిపోయాయని 1986లో ఆండ్రూ నోల్, జాన్ హేయ్స్, వారి సహచరులు వెల్లడించారు. 1998లో పాల్ హాఫ్‌మన్ బృందం నమీబియా శిలల్లో మంచుయుగపు పొరల చుట్టూ ఉన్న సున్నపురాళ్లను కొలిచి, మైనస్ 5ను దాటే పతనాన్ని చూపింది. భూమి పూర్తిగా మంచుతో కప్పుకుపోయి, సముద్రంలో జీవుల ఉత్పత్తి దాదాపు ఆగిపోయిందని వారు దాన్ని వివరించారు. అయితే ఆ పతనం మంచు రాకముందే మొదలైందని 2002లో అదే బృందం స్వయంగా చూపింది. దాంతో ఒక్క కారణంతో అంతా వివరించే పద్ధతి సడలింది.

షురామ్ చిక్కుముడి

ఈ చరిత్రలో అతి కఠినమైన అధ్యాయం ఒమన్‌లోని షురామ్ శిలలది. అక్కడి సున్నపురాళ్లలో విలువ మైనస్ 12 దాకా పడిపోయిందని 1993లో బర్న్స్, మాటర్ ప్రకటించారు. దక్షిణ ఆస్ట్రేలియాలోని వొనోకా, దక్షిణ చైనాలోని దౌషాన్‌తువో, కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ శిలల్లోనూ ఇలాంటి పతనం కనిపించింది. జీవపదార్థం వాటా పూర్తిగా ఆగిపోయినా మైనస్ 5 దాటకూడదు. కాబట్టి ఇక్కడ పాత లెక్కయినా మారాలి, లేదా రాయి చెప్పేది సముద్రం సంగతి కాకపోయి ఉండాలి. పరిశోధకులు ఈ రెండు దారుల్లోనూ నడిచారు.

2003లో రాథ్‌మన్, హేయ్స్, సమన్స్ మొదటి దారి పట్టారు. ఆనాటి సముద్రంలో కరిగిన జీవపదార్థం బ్రహ్మాండమైన నిల్వగా ఉండేదని, అది ఆక్సిజన్‌తో కలిసి తేలికైన కార్బన్‌గా నీటిలో చేరిందని ప్రతిపాదించారు. 2006లో ఫైక్ బృందం ఒమన్ శిలల్లోని సల్ఫర్ ఐసోటోపులను జోడించి, ఆ శిలలు ఏర్పడిన ఎడియకారన్ యుగపు సముద్రానికి దశలవారీగా ఆక్సిజన్ అందిందని వివరించింది. పెద్ద శరీరాలున్న జీవులు అదే యుగంలో కనిపించడంతో ఈ కథనం ఎంతో ఆకట్టుకుంది. అయితే అంత జీవపదార్థం ఆక్సీకరణ చెందాలంటే నాటి గాలిలోని ఆక్సిజన్, సముద్రంలోని సల్ఫేటు కలిసినా చాలవని 2008లో బ్రిస్టో, కెన్నెడీ లెక్క చూపారు.

రెండో దారి పట్టినవారు రాతినే అనుమానించారు. పొరగా పేరుకున్న సున్నం గట్టిపడే క్రమంలో దాని గుండా ప్రవహించే నీరు దాని రసాయన గుణాన్ని మార్చగలదు. దీన్నే డయాజెనిసిస్ అంటారు. మట్టిలోని కుళ్లు నుంచి తేలికైన కార్బన్‌ను మోసుకువచ్చే వాననీరు సున్నపురాయిలో కార్బన్, ఆక్సిజన్ ఐసోటోపు విలువలు రెంటినీ తగ్గిస్తుందని బార్బడోస్ ద్వీపపు రాళ్ల మీద 1982లోనే అలన్, మాథ్యూస్ చూపారు. షురామ్ కాలపు శిలల్లో ఆ రెండు విలువలూ కలిసే పడిపోతున్నాయి. దీన్ని ఆధారం చేసుకుని 2009లో నౌత్, కెన్నెడీ ఇది భూగర్భజలం చేసిన పని అన్నారు. పొరలు లోతుకు దిగాక చేరిన ద్రవాలే కారణమని 2010లో డెర్రీ వాదించాడు.

దీనికి గట్టి జవాబు వొనోకా రాళ్ల నుంచే వచ్చింది. అక్కడి పురాతన లోయల్లో, ఎగువ పొరల నుంచి విరిగిపడిన సున్నపురాతి ముక్కలు కలగలిసి పేరుకున్నాయి. పక్కపక్కనే ఉన్న ముక్కల విలువలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయని 2012లో హస్సన్ బృందం చూపింది. ముక్కలన్నీ కూడిన తర్వాత ద్రవాలు వాటిని మార్చి ఉంటే విలువలు ఒకే స్థాయికి వచ్చేవి. అలా జరగలేదు కనుక, ఆ తక్కువ విలువలు ముక్కలు విరిగిపడక ముందే రాతిలో ఉన్నాయి. లోతుకు దిగాక మార్పు వచ్చిందన్న వాదాన్ని ఈ పరీక్ష బలహీనపరిచింది. 2020లో రూనీ బృందం రీనియం, ఆస్మియం మూలకాల ఆధారంగా ఒమన్, వాయువ్య కెనడా శిలల వయసు లెక్కగట్టింది. రెండు చోట్లా ఈ ఘట్టం సుమారు 57.4 కోట్ల నుంచి 56.7 కోట్ల ఏళ్ల మధ్య ఒకే సమయంలో జరిగిందని తేలింది. ఖండాలు వేరైనా కాలం ఒకటే కావడం ప్రపంచవ్యాప్త కారణానికి అనుకూలమైన ఆధారం.

మారిన పద్ధతి

ఈ వాదాల ఫలితంగా వ్యాఖ్యాన పద్ధతే మారింది. సముద్రగర్భపు బురదలో, జీవపదార్థం కుళ్లే చోట పుట్టే సున్నం కూడా జమాఖర్చుల్లో మూడో పద్దుగా చేరాలని 2013లో ష్రాగ్, అతని సహచరులు సూచించారు. బహామా తీరాల నేటి అవక్షేపాల మీద పీటర్ స్వార్ట్ చేసిన పరిశోధన మరో హెచ్చరిక చేసింది. లోతు తక్కువైన తీరజలాల్లో పుట్టే సున్నం విలువ మహాసముద్రపు విలువకు భిన్నంగా ఉండవచ్చు. సముద్రమట్టం హెచ్చుతగ్గుల వల్ల ఆ సున్నం రాక మారితే, కార్బన్ చక్రం మారకపోయినా చాలా చోట్ల ఒకే రకమైన విచలనం కనిపించగలదు. లొమగుండి ఘట్టం సైతం మళ్లీ పరిశీలనకు వచ్చింది. అక్కడి అధిక విలువలు ప్రధానంగా తీరప్రాంతపు నిక్షేపాల్లోనే ఉన్నాయని, లోతు నీటి పొరల్లో మామూలు విలువలు ఉన్నాయని 2022లో ప్రేవ్ బృందం వాదించింది. ఆ వాదం నిలిస్తే ఆక్సిజన్ అంచనాలు కూడా మారక తప్పదు.

అందుకే నేడు ఒక్క కార్బన్ విలువతో ఎవరూ సముద్ర చరిత్ర రాయరు. ముందుగా పొర ఎలాంటి నీటిలో పేరుకుందో క్షేత్రంలో నిర్ధారిస్తారు. సూక్ష్మదర్శిని కింద రాతి నిర్మాణం చెదిరిందేమో చూస్తారు. మాంగనీసు, స్ట్రాన్షియం పాళ్లను, ఆక్సిజన్ విలువలను సరిచూస్తారు. రాయి సముద్రపు నీటితో సమతుల్యంలో గట్టిపడిందా, లోపలి ద్రవాలతోనా అన్నది కాల్షియం, మెగ్నీషియం ఐసోటోపులతో తేలుస్తారు. అదే పొరలోని జీవపదార్థపు కార్బన్ కూడా అదే దిశలో కదిలిందా, వేరే ఖండంలో అదే వయసు పొరలో అదే మార్పు ఉందా అని పరీక్షిస్తారు. షురామ్ విచలనానికి అందరూ ఒప్పుకునే కారణం ఇంకా కుదరలేదు. కానీ దాని మీద సాగిన వాదమే ఈ శాస్త్రానికి కట్టుదిట్టమైన పరీక్షలను సమకూర్చింది. ఏ విచలనమైనా ముందు రాతి పరీక్షలో నెగ్గాలి. అలా నెగ్గిన విచలనమే ప్రాచీన సముద్రం గురించి చెప్పే సాక్ష్యంగా నిలుస్తుంది.