విద్యుత్ప్రవాహమునకు తూము



చెఱువు క్రింద వ్యవసాయము చేసినవారికి తూము విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు. నీరెంత యున్నను, వేళకు తెఱచి వేళకు మూయు నేర్పు లేనియెడల కొంత పొలము మునుగును, కొంత యెండును. విద్యుచ్ఛక్తి విషయమును నిట్టిదియే. దానిని పుట్టించుట యొక విద్య. కావలసినంత, కావలసిన రూపమున విడుచుట వేఱొక విద్య. ఈ రెండవ విద్య చరిత్రమును నేడు మనవి చేసెదను.

శక్తిని తగ్గించి వాడుటకు పూర్వము సులభమైన మార్గము అడ్డుకట్ట. పాతకాలపు పంకా రెగ్యులేటరును తలచుకొనుడు. పంకా నెమ్మదిగా తిరుగవలెనన్న, ఆ పెట్టెలోని తీగచుట్ట ప్రవాహమును నిరోధించెడిది. అచట నిలిచిన శక్తి పెట్టెను వేడిచేయుటకే వ్యయమయ్యెడిది. దీనికి మాఱుగ నింకొక యుపాయము కలదు. తూమును సగము మూయుటకు బదులు పూర్తిగా తెఱచుట, పూర్తిగా మూయుట. ఇట్లు సెకనునకు వేలసార్లు చేసి, తెఱచియుంచు కాలమును హెచ్చించుటయు తగ్గించుటయు. పూర్తిగా తెఱచినపుడు అడ్డు లేదు. పూర్తిగా మూసినపుడు ప్రవాహమే లేదు. కావున రెండవస్థలయందును నష్టము స్వల్పము. అయితే అంత వేగముగా తెఱచి మూయదగిన తలుపేది? ఆ తలుపును వెదకిన వారి కథయే యిది.

మొదటి తలుపులలో నొకటి పాదరసముతో నైనది. 1902లో అమెరికావాడగు పీటర్ కూపర్ హ్యూయిట్, పాదరసపు ఆవిరి గల గాజుపాత్రలో ప్రవాహము ఒక్క దిక్కుననే నడచునట్లు చేసెను. 1954లో స్వీడనుదేశపు తీరమునుండి గోట్లాండు ద్వీపమునకు, సముద్రగర్భమున, లక్ష వోల్టులతో ఏకముఖ విద్యుత్తును పంపినవి పాదరస కవాటములే. వానిని సిద్ధము చేయుటకు ఊనో లామ్ అను ఇంజనీరు ఇంచుమించుగ పాతికేండ్లు శ్రమించెను.

ఇంతలో 1947 డిసెంబరున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెయిన్ అనువారు, షాక్లీ యాజమాన్యమున, ట్రాన్సిస్టరును కనిపెట్టిరి. దాని జాతి పదార్థములను మనవారు అర్ధవాహకములనిరి. పేరును బట్టి సగము ప్రవాహమును మోయునవని తలపరాదు. మోయుటయు మోయకుండుటయు మన యాజ్ఞకు లోబడినవని గ్రహింపవలెను. ఈ గుణమే వానిని తలుపులుగా చేసినది.

1957లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థవారు సిలికానుతో థైరిస్టరు అనుదానిని నిర్మించిరి. అది పెద్ద ప్రవాహమును మోయగలదు. చిన్న సంకేతముతో తెఱచుకొనును. కాని యొక లోపము: ప్రవాహము తనంత తాను అడుగంటువఱకు మూసికొనదు. తెఱచుట మన చేతిది, మూయుట కాలము చేతిది. ఐనను దాని సేవ గొప్పది. విశాఖపట్టణము చెంత గాజువాకలో 1999లో వెలసిన కేంద్రమున థైరిస్టరులే తూర్పుదేశపు విద్యుత్తును ఏకముఖముగా మార్చి, మరల దక్షిణదేశపు లయకు సరిపడునట్లు మార్చి యిచ్చెను. 2013 డిసెంబరు 31న దక్షిణపు తీగెల వ్యవస్థ తక్కిన దేశముతో నేకలయమున కలియువఱకు ఇట్టి కేంద్రములే వారధులై యుండెను.

మూయుటయు మన చేతికి రావలెను గదా! అందుకు పాటుపడినవారిలో బి. జయంత్ బలిగ ముఖ్యుడు. ఈయన 1948లో మద్రాసున జన్మించి, అచటి ఐ.ఐ.టి.లో చదివి, అమెరికాకు పోయి జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో చేరెను. స్వల్పసంకేతమునకు లోబడు మాస్ఫెట్టు గుణమును, పెద్ద ప్రవాహమును మోయు ట్రాన్సిస్టరు గుణమును ఒక్క ఫలకమున కలుపగా నేర్పడినదే ఐజీబీటీ. ఇది థైరిస్టరువలె ఒకసారి తెఱచుకొని బిగిసిపోవునను భయము పెద్దది. ఆ చిక్కును తొలగించుటయు, వేగమును వలసినట్లు ఏర్పఱచుటయు 1980 తరువాతి కొలది యేండ్లలో జరిగెను. కీర్తి యొక్కరిదే కాదు. అమెరికాలో బెక్, వీట్లీ అనువారును, జపానులో నకగావా అనువారును ఇదే దారిన నడచిరి. బలిగకు 2024లో ఫిన్లండు దేశపు మిలీనియమ్ సాంకేతిక బహుమానము లభించెను.

వేగము పెరిగిన కలుగు లాభమేమి? మోటను తలచుకొనుడు. ఎద్దులు నెమ్మదిగా లాగును గనుక తోలుతిత్తి పెద్దది కావలెను. అదే కాలమున వేలసార్లు తోడగలిగినచో చిన్న చెంబుతోను అంతే నీరు పాఱును. మన తీగెలలోని విద్యుత్తు సెకనునకు 50 ఆవృత్తులు తిరుగును; అందుచేత ట్రాన్సుఫార్మరునకు ఇనుమును రాగియు మణుగులకొలది పట్టును. ఆవృత్తులు లక్షయైనచో అరచేత నిమిడిపోవును. కాని తెఱచుటకు మూయుటకు నడుమ, తలుపు సగము తెఱచియున్న లిప్తకాలమున వేడి పుట్టును. తెఱపులు హెచ్చినకొలది ఆ వేడియు హెచ్చును. సిలికాను ఇచట అలసినది.

అపుడు పనికివచ్చినది మన యిండ్లలో కత్తులు నూఱు సానరాయి! 1891లో ఎడ్వర్డ్ అచెసన్ చేసిన కార్బోరండమే సిలికాన్ కార్బైడు. సిలికాను తట్టుకొను విద్యుత్పీడనమునకు ఇంచుమించు పదిరెట్లు ఇది తట్టుకొనును. కావున తలుపును పలుచగా, వేగముగా చేయవచ్చును. అయితే అది కరగక ఆవిరియగు వస్తువు. రెండువేల డిగ్రీలకు పైబడిన వేడిలో స్ఫటికమును పెంచవలెను. 1978లో తాయిరోవ్, త్స్వెత్కోవ్ అను రష్యనులు బీజస్ఫటికముపై పెంచు మార్గము చూపిరి. 2001లో దాని డయోడులు అంగడికి వచ్చెను. 2020లో జపానువారి ఎన్ 700 ఎస్ రైలు దీనితోనే పరుగిడసాగెను. దీనికి తోడైన గాలియం నైట్రైడు చిన్న సెల్‌ఫోను ఛార్జరులలో చేరినది.

అడ్డుకట్టలో బూడిదైన శక్తిని వేళ నెఱిగి తెఱచి మూయుటచే మిగుల్చుకొంటిమి. సూర్యఫలకములతో నడుచు పంపులోను ఈ తలుపే కలదు. కాని యొక్క మాట. పాత మోటారు కాలినచో ఊరి మేస్త్రి తీగ చుట్టి బాగుచేసెడివాడు. ఈ చిన్న పెట్టె చెడినచో విప్పి చూడగలవాడు మండల కేంద్రమునను అరుదు. తూము కట్టినవాడొక్కడే చాలడు, నీరుగంటియు కావలెను. తమ గ్రామములలోని చదువరులైన బాలురను, బాలికలను ఈ విద్యకు మరల్చుట పెద్దలగు తమ కర్తవ్యమని విన్నవించుకొని విరమించుచున్నాను.