నోట్సు పుస్తకముల పూర్వోత్తరములు

పరీక్షలు సమీపించిన దినములలో పట్టణములందలి పుస్తకముల యంగళ్ల ముందు కొంతసేపు నిలిచి చూచినవారికి ఒక విషయము తోచక మానదు. అక్కడ విరివిగా అమ్ముడుపోవునవి గ్రంథములు కావు. గ్రంథములను గూర్చిన గ్రంథములు. భౌతికశాస్త్రమునకు ఒక నోట్సు, వాణిజ్యశాస్త్రమునకు ఒక గైడు, కంప్యూటరు విద్యకు ఒక ప్రశ్నోత్తరమాలిక, ఆంగ్లమునకు సారాంశములును పాత్రల స్వభావములును గల ఒక సన్నని పుస్తకము. మూలగ్రంథమును అడుగు విద్యార్థి అరుదు. అడిగినను అది దొరకుట అంతకంటె అరుదు. ఇదియంతయు నిన్నమొన్నటి పతనమని పెద్దలు నిట్టూర్చుచుందురు. కాని చరిత్రను కొంచెము తిరుగవేసి చూచినచో ఈ నోట్సు మన తాతముత్తాతల కాలమునాటిదని తేలును. దానిని గూర్చి హైకోర్టులలోను, లండనునందలి ప్రీవీకౌన్సిలులోను వ్యాజ్యములు నడచినవి. ఆ వ్యాజ్యముల కథ మన విద్యావిధానమును గూర్చి విద్యాశాఖవారి నివేదికల కంటె ఎక్కువ చెప్పగలదని నా నమ్మకము.

మూలమునకు వ్యాఖ్య వ్రాయుట మనకు కొత్త కాదు. కాళిదాసుని కావ్యములను నేటికిని దేశమంతటను చదువరులు మల్లినాథసూరి చేయి పట్టుకొనియే చదువుచున్నారు. ఆయన మెదకు సీమలోని కొలచారమునకు చెందిన తెలుగువాడు. ఆధారము లేనిదానిని వ్రాయననియు, అక్కరలేనిదానిని చెప్పననియు ఆయన తనకు తానే నియమము పెట్టుకొనెను. నేటి గైడు రచయితలలో ఈ రెండవ నియమమును పాటించువారు కొందరు కలరు గాని, మొదటిదానిని పాటించువారిని వెదకవలసియుండును. పదునేడవ శతాబ్దిలో అన్నంభట్టు అను ఆంధ్రపండితుడు బాలురకు సుఖముగా బోధపడుటకై తర్కసంగ్రహమను చిన్న పుస్తకమును రచించి, దానికి దీపిక యను వ్యాఖ్యను తానే వ్రాసెను. పాఠ్యపుస్తకమును నోట్సును ఒక్క చేతిమీదుగనే వెలువడినవన్నమాట. అయినను ఈ వ్యాఖ్యలు మూలమును విడిచి నిలువవు. సంజీవని చదువువాడు శ్లోకమును ఎదుట ఉంచుకొనక తప్పదు. మరియు శిష్యుని పరీక్షించువాడు అతనికి చెప్పిన గురువే కాని, దూరదేశమున కూర్చున్న ముఖమెరుగని పరీక్షకుడు కాడు. ఈ రెండు కట్లును తెగిననాడే వ్యాఖ్య నోట్సుగా మారెను.

అవి తెగిన విధము స్పష్టముగనే ఉన్నది. 1835 లో మెకాలే వ్రాసిన లేఖ ఆంగ్లవిద్యకు ప్రభుత్వధనమును సంపాదించిపెట్టెను. 1844 లో హార్డింజి ప్రభువు ప్రభుత్వోద్యోగములలో ఆంగ్లవిద్య నేర్చినవారికి ప్రాధాన్యమిత్తుమని బంగాళమున ప్రకటించెను. 1857 లో కలకత్తా, బొంబాయి, మద్రాసులందు మూడు విశ్వవిద్యాలయములు వెలసెను. అవి అప్పటి లండను విశ్వవిద్యాలయమును చూచి దిద్దబడినవి. అనగా పాఠములు చెప్పునవి కావు. పరీక్షలు పెట్టి పట్టములిచ్చునవి. రాజమహేంద్రవరమున చదివిన పిల్లవానికిని, తిరునల్వేలిలో చదివిన పిల్లవానికిని మద్రాసునుండి ఒకే ప్రశ్నపత్రము రావలెను. అందరికి ఒకే ప్రశ్న వేయవలెనన్న అందరికి ఒకే పుస్తకము నిర్ణయింపవలెను. పుస్తకము ముందుగనే తెలిసినపుడు ప్రశ్నలను ఊహించుట కష్టము కాదు. ఆ పుస్తకము పరభాషలోనిది, చెప్పు ఉపాధ్యాయునికే అది పరభాష, గ్రంథాలయము లేదు, ఉత్తీర్ణుడైనచో ఉద్యోగము, కానిచో కుటుంబమునకు అప్పు. ఇన్ని కారణములు ఒకచోట కూడినపుడు కీ పుస్తకము పుట్టకున్ననే ఆశ్చర్యము.

1902 లో తామస్ రాలీ దొరగారి అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ కమిషను, మనదేశమున బోధన పరీక్షకు దాస్యము చేయుచున్నదని కఠినముగనే చెప్పెను. 1917 లో నియమింపబడిన సాడ్లరు కమిషను బంగాళపు కళాశాలలలో ఉపన్యాసమనగా నోట్సు చెప్పి వ్రాయించుటయే అయినదని గ్రహించి, ఉన్నతపాఠశాలలలో చాల విషయములను మాతృభాషయందే బోధింపవలెనని 1919 లో సలహా యిచ్చెను. ఈ రెండింటి నడుమ 1918 లో రవీంద్రనాథ ఠాకూరుగారు ఒక చిలుక కథ వ్రాసిరి. రాజుగారు చిలుకకు చదువు చెప్పింపదలచి బంగారు పంజరము చేయించుట, పండితులు పుస్తకముల కాగితములను దాని నోట కుక్కుట, తుదకది పలుకక యెగురక చచ్చుట అందలి వృత్తాంతము. కమిషనువారు సంపుటములకొలది వ్రాసినది ఆ కథ కొన్ని పుటలలో చెప్పినది. కమిషనులు రోగమును గుర్తించినవి గాని, పట్టమునకును ఉద్యోగమునకును గల ముడిని విప్పుటకు ఎవరును సాహసింపలేదు. ఆ ముడి ఉన్నంతకాలము కీ పుస్తకమును తిట్టుట, ఆకలిని ఉంచి అన్నమును తిట్టుట వంటిదే.

ఇక వ్యాజ్యముల సంగతి. పాల్‌గ్రేవు అను ఆంగ్లేయుడు 1861 లో ఆంగ్లగీతములనుండి ఏరి గోల్డెన్ ట్రెజరీ యను సంకలనమును ప్రకటించెను. అది మన విద్యార్థులకు పాఠ్యమయినది. కలకత్తాలో ఒకరు అదే ఏరికను తీసికొని, విద్యార్థులకుపయోగించు నోట్సు చేర్చి అచ్చువేసిరి. మాక్‌మిలన్ కంపెనీవారు దావా తెచ్చిరి. పద్యములు పాల్‌గ్రేవువి కాకపోయినను, వానిని ఏరుటలోని శ్రమయు వివేచనయు ఆయనవే యని 1890 లో కలకత్తా హైకోర్టు ఆ కంపెనీకి అనుకూలముగా తీర్పు చెప్పెను. అయిదేండ్లకు, 1895 లో, అదే కంపెనీ తన గణితపుస్తకములను ఉరుదూలోనికి అనువదించిరని బొంబాయి హైకోర్టునకు పోయినది. అక్కడ మాత్రము అనువాదము ప్రతి చేయుట కాదని కోర్టువారనిరి. ఈ తీర్పును మనము శ్రద్ధగా గమనింపవలెను. ఆంగ్లములోని గణితమును దేశభాషలోనికి తెచ్చుటకు చట్టము ఆనాడు అడ్డురాలేదు. అడ్డు వచ్చినది వేరొకటి: దేశభాషలో చదివినవానికి పైపరీక్షలలో చోటు లేకుండుట. తరువాత 1911 నాటి సామ్రాజ్యశాసనముతో అనువాదహక్కు గ్రంథకర్తదే అయినది.

మూడవ వ్యాజ్యము మిక్కిలి వింతయైనది. గ్రీకు గ్రంథకర్త ప్లూటార్కు వ్రాసిన అలెగ్జాండరు చరిత్రకు పదునారవ శతాబ్దిలో సర్ తామస్ నార్తు చేసిన ఆంగ్లానువాదము కలదు. మాక్‌మిలన్ వారు దానినుండి సుమారు సగము భాగములు తీసి, పిల్లలు చదువదగనివి వదలి, ఉపోద్ఘాతమును నోట్సును చేర్చి పాఠశాలలకై 1918 లో ప్రకటించిరి. బొంబాయిలోని కూపరు కంపెనీవారు ఇంచుమించు అట్టిదే మరియొకటి అచ్చువేసిరి. తగవు లండనుదాక పోయినది. 1923 డిసెంబరులో ప్రీవీకౌన్సిలువారు చెప్పిన తీర్పు ఇది: పాతపుస్తకమునుండి కొన్ని భాగములను తొలగించినంతమాత్రమున కొత్త గ్రంథము కాదు, కావున ఆ మూలభాగముపై వాదులకు హక్కు లేదు, కాని నోట్సు వ్రాయుటకు పాండిత్యము, అభిరుచి, వివేచన కావలెను, కావున నోట్సుపై హక్కు కలదు, ప్రతివాదులు దానిని అతిక్రమించిరి. అనగా బొంబాయి బాలుని చేతిలోని ఆ పుస్తకమున ప్లూటార్కును నార్తును ఎవరి సొత్తును కారు. అడుగున చిన్నయక్షరములతో అచ్చయిన నోట్సు మాత్రము సొత్తు! విద్యార్థులు ఎప్పుడో కనిపెట్టిన సత్యమును న్యాయమూర్తులు తుదకు ధ్రువపరచిరని నవ్వుకొనవచ్చును. కాని అందలి గౌరవమును కూడ చూడవలెను. మంచి నోట్సు చౌకబారు వస్తువు కాదనియు, దానికి చదువుకొన్నవాడే కావలెననియు ఆ తీర్పు సారము.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఈ కథ మద్రాసునకే వచ్చెను. ఇ. ఎమ్. ఫార్‌స్టరు 1924 లో ప్రకటించిన ఎ పాసేజ్ టు ఇండియా అను నవల విశ్వవిద్యాలయ విద్యార్థులకు పాఠ్యమయినది. మద్రాసులోని యొక ప్రచురణకర్త దానికి గైడు వేసెను. నవలాకారుడు జీవించియే ఉండెను. ఆయన పేరనే దావా నడచినది. 1964 లో ప్రకటితమైన తీర్పులో మద్రాసు హైకోర్టు, గైడు నవలకు ప్రతిరూపము గాని సంక్షేపము గాని కాదనియు, హక్కు భంగము కాలేదనియు నిర్ణయించెను. న్యాయశాస్త్రరీత్యా ఇది సమంజసమే. గైడు చదివినవాడు నవల చదివినట్లు కాడు. కాని పరీక్షామందిరములో అట్లు చదివినట్లే చెల్లుచుండెను గదా! ప్రశ్నపత్రము వేయువాడు నవల చదివినవానికి మాత్రమే సమాధానము తోచు ప్రశ్న వేసియుండినచో గైడునకు గిరాకి ఉండెడిది కాదు. తప్పు అంగడివానియందు కంటె ప్రశ్నపత్రమునందే ఎక్కువ కలదని నేను తలంచెదను.

ఇటీవలి వ్యాజ్యము ఢిల్లీది. విశ్వవిద్యాలయ ప్రాంగణములోని యొక జిరాక్సు దుకాణము అధ్యాపకులు సూచించిన గ్రంథములనుండి భాగములను ఒకచోట కుట్టి విద్యార్థులకు అమ్ముచుండెను. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి ముద్రణాలయములును మరియొక ప్రచురణసంస్థయు 2012 లో దావా వేసినవి. 1957 నాటి శాసనము బోధనకై చేయు ప్రతులకు మినహాయింపు ఇచ్చుచున్నదని 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు దావాను కొట్టివేసెను. అప్పీలులోను ఆ సూత్రమే నిలిచెను. 2017 లో ప్రచురణకర్తలు తామే వ్యాజ్యమును ఉపసంహరించుకొనిరి. ఇక్కడ విద్యార్థి కోరినది సారాంశమును కాదు, కొనజాలని మూలగ్రంథములోని పుటలను. కావున నోట్సు అను ఒక్క పేరుతో అన్నిటిని కలిపి నిందించుట న్యాయము కాదు.

మన తెలుగునాట ఈ విషయము మరియొక రూపము దాల్చినది. వీరేశలింగము పంతులుగారు కథలు, నాటకములు వ్రాయుటతో తృప్తిపడక జంతువులను గూర్చియు శరీరమును గూర్చియు తెలుగున పుస్తకములు వ్రాసిరి. 1906 లో కొమర్రాజు లక్ష్మణరావుగారును మిత్రులును హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, చరిత్రను, శాస్త్రములను ఇంట కూర్చుండి చదువుకొనదగిన తెలుగులో ప్రకటించిరి. ఇవి పరీక్షకై వ్రాసినవి కావు. అందువలననే కాబోలు, వానిని చదివినవారికి విషయము మిగిలెను. 1918 లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము దేశభాషలో ఉన్నతవిద్య నెరపవచ్చునని భాషాంతరశాఖను పెట్టి నిరూపించెను. కాని ఆ భాష ఉరుదూ. తెలంగాణములోని తెలుగుబాలునికి ఆంగ్లమునకు బదులు మరియొక కొత్తభాష నేర్వవలసివచ్చెను. తెలుగు అకాడమి పుట్టినది 1968 లో. 1982 లో హైదరాబాదున, దేశములోనే మొదటిదిగా, సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడి, కళాశాలకు పోజాలని గృహిణులకు, కూలివారికి, చిన్నయుద్యోగులకు తెలుగున పాఠములను అచ్చువేసి పంపెను. పనులు తీరిన రాత్రివేళ చదువుకొను స్త్రీకి ఆ పాఠమే ఉపాధ్యాయుడు. అన్నంభట్టు కోరిన సుఖబోధ ఇట్టిదే. దీనిని నోట్సని చిన్నచూపు చూచువారు, ఆ స్త్రీకి తాము వేరే గురువును చూపగలరా యని మొదట ఆలోచింపవలెను.

కంప్యూటరు విద్యయు, వాణిజ్యవిద్యయు మాత్రము ఇంకను పరభాషలోనే చిక్కుకొనియున్నవి. వాణిజ్యమున ఇది మరింత విచిత్రము. చిట్టా, ఆవర్జా, జమ, ఖర్చు అను మాటలు మన యంగళ్లలో తరతరములుగా ఉన్నవి. తండ్రి దుకాణమున పద్దు వ్రాయగల పిల్లవాడు కళాశాలలో అదే పద్దును డెబిట్, క్రెడిట్ అను పేర్లతో అర్థము తెలియక కంఠస్థము చేయుచున్నాడు. కంప్యూటరునకు ఆజ్ఞలిచ్చు ప్రోగ్రామును సైతము పద్యమువలె వల్లించి పరీక్షలో అప్పగించువారు కలరు. యంత్రముచే పని చేయించుటకు పుట్టిన విద్యయందు మనుష్యుడు యంత్రమగుట ఎంత వింత!

తెలుగుబడిలో చదివి ఇంజనీరింగునకు పోయిన విద్యార్థుల పుస్తకములను చూచినచో, ఆంగ్లపంక్తుల నడుమ పెన్సిలుతో సన్నగా వ్రాసికొనిన తెలుగుమాటలు కనబడును. ఒకచోట అర్థము, ఒకచోట ఇంటివాడుకలోని ఉదాహరణము, ఒకచోట ఇది ఎందుకు అను ప్రశ్న. అచ్చయిన గైడులో ఈ మూడవది ఉండదు. అధ్యాపకులు అట్టి పుస్తకములను సంవత్సరాంతమున అడిగి తీసికొని చూచినచో, రాబోవు సంవత్సరము ఏ పాఠమును ఎట్లు చెప్పవలెనో వారికి అందులోనే దొరకును.