వెళ్లినోడు ఏం తెచ్చాడు? పాత సినిమాల్లో మన వలస కథ

ఈ వారం ఎపిసోడ్‌లో పేర్లూ సంవత్సరాలూ గబగబా దొర్లిపోయాయి. అందుకని వాటిని ఇక్కడ పెడుతున్నాం. మైకు ముందు చెప్పడానికి టైము చాలని సంగతులు కూడా కలిపాం.

పారమట్టాలో జార్జ్ స్ట్రీట్ మీద రాక్సీ అనే పాత సినిమా హాలు ఉంది. స్టేషన్ నుంచి నడిచి వెళ్లేవాళ్లు చూసే ఉంటారు. దాన్ని 1930 ఫిబ్రవరి 6న తెరిచారు. సినిమా హాలుగా అది ఈ శతాబ్దం మొదట్లోనే మూతపడింది. సరిగ్గా అదే తేదీన, రెండేళ్ల తర్వాత, 1932 ఫిబ్రవరి 6న మన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ విడుదలైంది. తేదీలు కలవడం ఉత్త కాకతాళీయం, దాంట్లో ఏమీ లేదు. అసలు సంగతి ఏంటంటే, అది మొదట ఆడింది బెజవాడలోనో రాజమండ్రిలోనో కాదు, బొంబాయిలో, కృష్ణా థియేటర్లో. హెచ్.ఎం. రెడ్డి దాన్ని తీసిందీ బొంబాయిలోనే. చాలాకాలం అందరూ 1931 సెప్టెంబర్ 15 అనే చెప్పుకునేవారు. రెంటాల జయదేవ పాత పేపర్లూ సెన్సార్ వివరాలూ తిరగేసి అసలు తేదీ తేల్చారు.

అప్పటికే బొంబాయిలో తెలుగువాళ్లు తరాలుగా ఉన్నారు. ఇళ్లూ రోడ్లూ కట్టే పనికి నిజాం ఇలాకా నుంచి వెళ్లిన కూలీలను అక్కడ కామాఠీలు అనేవాళ్లు. కామాఠీపుర అనే పేటకు ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది. ఆ తర్వాత మిల్లుల పనికి పద్మశాలీలు వెళ్లారు. అంటే తెలుగు మాట్లాడిన మొదటి సినిమా, పొట్ట చేత పట్టుకుని వెళ్లిన తెలుగువాళ్లున్న ఊళ్లో మొదటిసారి ఆడింది. మరి మనం గొప్పవని చెప్పుకునే సినిమాల్లో ఊరు విడిచి వెళ్లినవాడి కథ ఉందా? ఉంది. కానీ ‘మల్లీశ్వరి’ అనగానే పాటలంటాం, ‘మా భూమి’ అనగానే పోరాటం అంటాం. ఇంటికి దూరంగా ఉండి చూస్తే అవే సినిమాలు ఇంకోలా కనబడతాయి.

ముందు ‘మల్లీశ్వరి’. వాహినీ సంస్థ, బి.ఎన్. రెడ్డి దర్శకత్వం, విడుదల 1951 డిసెంబర్ 20. భానుమతి, ఎన్టీఆర్. మాటలూ పాటలూ దేవులపల్లి కృష్ణశాస్త్రి, సంగీతం సాలూరి రాజేశ్వరరావు. బుచ్చిబాబు రాసిన ‘రాయలవారి కరుణకృత్యము’ అనే నాటిక ఈ కథకు ఒక ఆధారం. ఇవన్నీ అందరూ చెప్పేవే.

కథ నడిపించేది మాత్రం డబ్బు. నాగరాజు శిల్పి, పేదవాడు. మల్లి వాళ్లమ్మ నాగమ్మకు పేద అల్లుడు అక్కర్లేదు. ఋష్యేంద్రమణి ఆ పాత్రలో ఎంత కటువుగా ఉంటుందంటే, చూస్తుంటే మనకు తెలిసిన ఏ అత్తో పిన్నో గుర్తొస్తుంది. ఆ మాటలు పడలేక నాగరాజు సంపాదించుకొస్తానని ఊరు విడుస్తాడు. పని దొరుకుతుంది, చేతిలో విద్య ఉంది, డబ్బు కూడబెడతాడు. అతను లేనప్పుడు ఊళ్లోకి రాయలవారి పల్లకి వస్తుంది. పల్లకి పంపమని మారువేషంలో ఉన్న రాజుగారిని ఒకప్పుడు సరదాగా అడిగింది కూడా ఈ నాగరాజే. మల్లిని రాణివాసానికి తీసుకెళ్లిపోతారు. ఇతను మూట పట్టుకుని తిరిగొచ్చేసరికి ఇంట్లో ఆమె లేదు.

ఆ తిరిగొచ్చిన సన్నివేశం దగ్గర ఒక్క నిమిషం ఆగి చూడండి. అతను వెళ్లడంలో తప్పు లేదు, సంపాదించడంలో తప్పు లేదు, అన్న మాట నిలబెట్టుకున్నాడు కూడా. కానీ అతను లెక్కేసుకున్నది డబ్బుకు పట్టే టైమే. తను లేకుండా ఊళ్లో గడిచే టైము లెక్కలోకి రాలేదు. హారిస్ పార్క్‌లోనూ వెస్ట్‌మీడ్‌లోనూ నలుగురైదుగురు కలిసి ఒక ఇంట్లో అద్దెకుండి, ‘ఇంకో ఏడాది, పీఆర్ రాగానే’ అనుకునేవాళ్లకు ఈ లెక్క వివరించక్కర్లేదు. 2021 జనగణన నాటికే ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 59 వేలు దాటారు. వాళ్లలో ఎంతమందికి ఊళ్లో ఒక పెళ్లో ఒక చావో అందకుండా పోయిందో జనగణనలో రాయరు.

నాకు సినిమాలో నచ్చనిది ముగింపు. రాణివాసంలోకి దొంగచాటుగా వచ్చినందుకు నాగరాజుకు శిక్ష పడాలి. రాయలవారు క్షమిస్తారు, ఇద్దరినీ కలుపుతారు. నాటిక పేరులోనే ఆ కరుణ ఉంది కాబట్టి మోసమేం లేదు. అయినా మన బతుకును చెడగొట్టినవాడే దయ తలచి బాగుచేయడం, దానికి మనం దండం పెట్టడం, నాకు గొంతు దిగలేదు. పల్లకి పంపింది ఆయనే కదా!

ఈ సినిమా తను కూడా వలస వెళ్లింది. 1953లో చైనీస్ సబ్‌టైటిల్స్‌తో చైనాలో ఆడింది.

ఇంకో తేదీ చూడండి. ‘మల్లీశ్వరి’ విడుదలకు రెండు నెలల ముందు, 1951 అక్టోబర్‌లో, కమ్యూనిస్టు పార్టీ తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించింది. తెర మీద రాజు దయ చూపిస్తున్న రోజుల్లోనే తెలంగాణ ఊళ్లలో జనం జైళ్ల నుంచి, అడవుల నుంచి ఇళ్లకు వస్తున్నారు. ఆ కథ మన తెర మీదకు రావడానికి 1979 దాకా పట్టింది.

అదే ‘మా భూమి’. తీసింది గౌతమ్ ఘోష్, బెంగాలీ. ఇదే ఆయన మొదటి ఫీచర్ సినిమా, అదీ తన భాష కాని భాషలో. నిర్మాతల్లో బి. నర్సింగరావు ఉన్నారు. కథకు ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’. రామయ్యగా సాయిచంద్.

రామయ్య కూడా ఊరు విడుస్తాడు, కానీ సంపాదనకు కాదు. అతను ఇష్టపడ్డ లంబాడీ పిల్ల చంద్రి దొర ముందు లొంగక తప్పని పరిస్థితి. అది చూసి తట్టుకోలేక వెళ్లిపోతాడు. సూర్యాపేట, అక్కడి నుంచి హైదరాబాద్. రిక్షా లాగుతాడు, ఫ్యాక్టరీలో చేరతాడు, అక్కడ యూనియన్ నడిపే మఖ్బూల్ తగులుతాడు. ఈ పట్నం భాగాన్ని చాలామంది గబగబా దాటేస్తారు, పోరాటం ఎప్పుడొస్తుందా అని. నాకు మాత్రం సినిమాకు నడుము అదే అనిపిస్తుంది. ఊళ్లో ఉన్నప్పుడు రామయ్యకు కోపం ఉంది కానీ దాన్ని చెప్పే మాటల్లేవు. పట్నంలో అక్షరాలొచ్చాయి, తనలాంటివాళ్లు ఇంకా ఉన్నారని తెలిసింది, జీతం అడగొచ్చని తెలిసింది. ఊరికి అతను తెచ్చింది మూట కాదు, ఈ తెలివిడి.

దాంతో అంతా గెలిచేశారని సినిమా అబద్ధం చెప్పదు. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత జనం పంచుకున్న భూములు మళ్లీ దొరల చేతికి పోతాయి, రామయ్య ప్రాణం పోతుంది. గల్ఫ్‌లో లేబర్ క్యాంపులో కూర్చుని ఇది చూస్తున్న తమ్ముళ్లకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. పక్క మంచం మీది నేపాలీయో బెంగాలీయో చెప్పిన ఒక రూలు, జీతం స్లిప్పు చదవడం, కంప్లయింటు ఎక్కడ ఇవ్వాలో తెలియడం, ఇవన్నీ మఖ్బూల్ నేర్పిన పాఠాలే.

మూడోది ‘దాసి’, 1988. ఈసారి నర్సింగరావే దర్శకుడు. ఉత్తమ నటిగా అర్చనకు, ఛాయాగ్రహణానికి ఎ.కె. బీర్‌కు, కళకు వైకుంఠంకు, దుస్తులకు సుదర్శన్‌కు, ఉత్తమ తెలుగు చిత్రంగా సినిమాకు, మొత్తం ఐదు జాతీయ అవార్డులు. ఫోనులో స్పీడు పెంచి మాత్రం చూడకండి. ఊడవడం, నీళ్లు మోయడం, తలుపు దగ్గర నిలబడి పిలుపు కోసం ఎదురుచూడడం, ఇదే సినిమా. వేగం పెంచితే మిగిలేదేం లేదు.

కమలాక్షిని దొరసాని పెళ్లితో పాటు కట్నంలో సామానులా గడీకి పంపారు. తను వెళ్లలేదు, పంపించారు. పగలు దొరసాని పని, రాత్రి దొర పిలుపు. కడుపు వస్తే దాన్ని ఉంచుకోవాలా వద్దా అనేది కూడా ఆమె చేతిలో లేదు. ఇక్కడ రాయలవారూ లేరు, మఖ్బూలూ లేడు. గడీ గోడ ఉంది. తెలంగాణ 1920ల కథ కదా, మనకెందుకు అనుకోవచ్చు. కఫాలా పద్ధతిలో వీసా యజమాని చేతిలో ఉండే దేశాల్లో, కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఇంటిపనికి వెళ్లిన మన అక్కలున్నారు. బయట గేటు తాళం ఎవరి దగ్గరుందో వాళ్లనడగండి.

‘మల్లీశ్వరి’ మూడు గంటల దాకా ఉంటుంది, షిఫ్టుల మధ్య ముక్కలు చేసుకుని చూసినా ఫర్వాలేదు. ‘దాసి’కి మాత్రం ఒక సెలవు రోజు పెట్టుకోండి. వచ్చే ఎపిసోడ్ మొత్తం మీ వాయిస్ మెసేజీలే. ప్రశ్న ఒకటే: నాగరాజు తిరిగొచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డప్పుడు మీకు ఎవరు గుర్తొచ్చారు? పేరు చెప్పక్కర్లేదు, ఊరు చెబితే చాలు.