ఎత్తి కుదేసే దారులు

చరిత్ర పుస్తకాల్లో యుద్ధానికి వెళ్లిన రాజుల పేర్లుంటాయి, ఏనుగుల లెక్కలుంటాయి. ఆ వెనకాల బండ్లలో కూర్చుని వెళ్లిన ఆడవాళ్ల నడుముల సంగతి మాత్రం ఎవరూ రాసినట్టు లేదు. పల్నాడువాళ్లకి ఈ లోటు మరీ బాగా తెలుస్తుంది. శ్రీనాథుడంతటివాడి పేర చెప్పుకునే చాటుపద్యాల్లోనే ఇక్కడి రాళ్ల మీద విసుర్లున్నాయి. ఆ రాళ్ల మీదే బండి నడవాలి మరి!

మొన్న మా మరిది కొడుకు తన కారుకి కొత్త షాకబ్జర్లూ, 'స్వే బార్' అనేదొకటీ వేయించాడు. వాళ్ల నాయనమ్మని మాచర్ల నుంచి ఎత్తిపోతల తీసుకెళ్లాలని వాడి ఉబలాటం. మా అత్తగారికి 80 దాటాయి. వెన్నుపూసలు అరిగాయి, కుదుపులు పడకూడదన్నాడు డాక్టరు. ఆవిడకేమో చంద్రవంక 70 అడుగుల మీంచి దూకడం ఇంకొక్కసారి చూడాలనీ, దత్తాత్రేయస్వామికి దణ్ణం పెట్టుకోవాలనీ కోరిక.

"పెద్దమ్మా, ఇక కారు ఊగమన్నా ఊగదు" అన్నాడు వాడు.

ఊగకపోవడం వేరు, కుదపకపోవడం వేరు. అదెలాగో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

యతి తపస్సు చేసిన తలం గనక ఎత్తిపోతల అయిందని స్థలపురాణం. ఎడ్లబండిలో వెళ్లిన తరానికి మాత్రం, అక్కడ ఎత్తి పోసేది నీళ్లనా, దారిలో మనుషుల్నా అని అనుమానం. కట్టె చక్రానికి ఇనప పట్టా, దానికో ఇరుసు, ఇరుసు మీద నేరుగా బండి. మధ్యలో మెత్తనిదంటూ ఏమీ లేదు. చక్రానికి తగిలిన రాయి కూర్చున్నవాళ్లకీ తగిలినట్టే. అందుకే అడుగున గడ్డి పరిచి, పైన పాత చీరలతో కుట్టిన బొంత వేసేవారు. నిండు నెలలతో పుట్టింటికి వెళ్లే పిల్లకయితే రెండు బొంతలు. ఇప్పుడు సస్పెన్షన్ అంటూ వేలు పోసి చేయించుకుంటున్నదాన్ని మన అమ్మమ్మలు సూదీ దారంతో చేశారన్నమాట. ఏ పేటెంటు ఆఫీసులోనూ వాళ్ల పేరు లేదు.

పేరున్నవాడు ఒబడయా ఇలియట్. లండన్లో బగ్గీలు తయారుచేసేవాడు. 1804లో ఉక్కు పట్టీల్ని విల్లులా వంచి, ఒకదాని మీద ఒకటి పేర్చి బండి కింద పెట్టాడు. మన మెకానిక్కులు కమాన్ కట్ట అనేది దీన్నే. కమాను అంటేనే విల్లు కదా! గుంట వచ్చినప్పుడు విల్లు వంగుతుంది, మనిషి కుదుపు తగ్గుతుంది. జట్కాలకి కమానులు వచ్చాక ప్రయాణం ఎంత సుఖమయిందో, ఎక్కినవాళ్లే చెప్పాలి.

మా వైపు మోటార్ల సందడి పెరిగింది సాగర్ డ్యాం వల్ల. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకి నీళ్లు వదిలారు. ఆ మధ్య ఏళ్లన్నీ ఈ కొండల్లో రాళ్ల లారీలే. రాతి కట్టడం గనక ఆడకూలీలు కూడా తట్టలతో మోశారు. లారీకయినా కమానులున్నాయి, వాళ్ల మెడలకేమున్నాయి? ఎత్తిపోతల అక్కడికి 11 కిలోమీటర్లే గనక, డ్యాం చూడ్డానికొచ్చినవాళ్లంతా ఇటూ ఓ చూపు చూసి వెళ్లడం అలవాటయింది.

తర్వాత అంబాసిడర్ రాజ్యం. 1950ల చివర మొదలై 2014లో ఆగిపోయింది. వెనకవైపు కమానులే. పెళ్లివారిని కుక్కడానికి టాక్సీవాళ్లు ఇంకో పట్టీ ఎక్కించేవారు. పదిమంది ఎక్కితే హాయిగానే వుండేది, ఇద్దరే ఎక్కితే మాత్రం నడుం విరిగేది. బండిని దేనికోసం సరిచేశారో దానికే అది సుఖం, మిగతావాళ్ల ఖర్మ!

ఇక మా వాడి స్వే బార్. 1919లో కెనడాలోని ఫ్రెడరిక్టన్ వాసి స్టీఫెన్ కోల్‌మన్ ఇలాంటిదానికి పేటెంటు తీసుకున్నాడు. ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలుపుతూ అడ్డంగా ఓ ఉక్కు కడ్డీ. మలుపులో కారు ఒక పక్కకి వాలబోతే ఆ కడ్డీ మెలిపడి, వాలకుండా ఆపుతుంది. ఘాట్ రోడ్లలో కడుపులో తిప్పే నాబోటివాళ్లకి ఇది వరమే, ఏమాటకామాటే చెప్పుకోవాలి. తిన్నని దారిలో రెండు చక్రాలూ ఒక్కసారే ఎగిరితే దీనికి పని లేదు. కానీ ఒక్క ఎడమ చక్రమే గుంటలో పడిందనుకోండి, ఆ దెబ్బని కుడి పక్కకీ పంచుతుంది. మన దారుల్లో గుంటలు జంటగా వస్తాయా!

మా వాడు వేయించినది సవరించుకునే రకం. చివర్లలో మూడేసి చిల్లులు. లింకుని లోపలి చిల్లుకి బిగిస్తే కడ్డీ బిగువు, బయటి చిల్లుకయితే వదులు. వాడు బిగువులో పెట్టి, తానొక్కడే ముందు సీట్లో కూర్చుని నడిపి, భేష్ అనుకున్నాడు. వెనక సీట్లో ఎవర్నీ కూర్చోబెట్టి అడగలేదు. అడగడం అనేది ఈ రెండొందల ఏళ్ల చరిత్రలోనే పెద్దగా కనపడదు, వాణ్ణని ఏం లాభం?

"ఒరేయ్, నాయనమ్మ నీతో పందెం కారులో రావడం లేదు. ముందు ఆవిణ్ణి ఊరు దాకా తిప్పి కనుక్కో" అన్నాను.

తిప్పాడు. ఆవిడ మొదటి గుంటకే "అబ్బాయ్, పాత కారే నయంరా" అంది. వాడు పాపం వెంటనే దిగి కారు కింద దూరాడు. రెండు పక్కలా లింకులు విప్పి బయటి చిల్లుల్లోకి మార్చాడు. రెండు వైపులా ఒకే చిల్లు వుండాలట, లేకపోతే కారు వంకరగా తూగుతుందట. గట్టిగా గాలి కొట్టించిన టైర్లలోంచి కంపెనీవాళ్లు చెప్పిన కొలతకి గాలి తీయించాడు. నేను లోపలికి వెళ్లి బొంత తెచ్చి వెనక సీట్లో పరిచాను.