పహాణీ చిరిగితే పొలం పోదు



అబ్బాజాన్ దుబాయి నుంచి అమ్మీకి రాసిన ఖత్‌లను స్కాన్ చేసి ల్యాప్‌టాప్ డీ డ్రైవ్‌లో దాచాను. అసలు కాగితాలు చెదల పాలయ్యాయి. ఒక రాత్రి విండోస్ పక్కనే లినక్స్ పెట్టబోతే డిస్కులో ఖాళీ ఉన్నా కొత్త హిస్సా కుదరదంది. అక్కర్లేని రికవరీ హిస్సా అనుకుని ఒకటి తీసేశాను. తీరా చూస్తే పోయింది డీ డ్రైవ్! అప్పటికి అబ్బాజాన్ ఇంతెకాల్ అయ్యి రెండేళ్లు.

ఎందుకు కుదరలేదో చెప్పాలంటే కొంచెం తారీఖ్ చెప్పాలి. 1983లో ఐబీఎం 10 మెగాబైట్ల హార్డ్‌డిస్కుతో పీసీ ఎక్స్‌టీని తెచ్చింది. దానితో వచ్చిన పీసీ డాస్ 2.0లో ఈ తక్సీమ్ మొదలైంది. ఒకే డిస్కు మీద వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లు తలా ఒక హిస్సాలో ఉండాలన్నది నియ్యత్. డిస్కు మొదటి సెక్టార్ 512 బైట్లు. అందులో హద్దుల పట్టికకు దక్కినవి 64. ఒక్కో హిస్సాకు 16 బైట్లు, అంటే నలుగురికే జాగా. అది చాలక 1987లో డాస్ 3.3 ఒక హిస్సాలోనే చిన్న హిస్సాలు చేసే ఎక్స్‌టెండెడ్ తర్కీబ్ తెచ్చింది. సెక్టార్ నంబరుకు 32 బిట్లే కావడంతో దాదాపు 2 టెరాబైట్లు దాటిన డిస్కులకు ఆ పట్టిక పనికిరాలేదు. ఇంటెల్ ఈఎఫ్ఐతో వచ్చిన జీపీటీ ఈ తంటా తీర్చింది. అందులో మామూలుగా 128 హిస్సాలకు చోటుంటుంది, పట్టిక నకలు డిస్కు చివర మరొకటి ఉంటుంది.

నాది పాత పద్ధతి డిస్కు. కొన్ననాటికే నాలుగు గళ్లూ నిండి ఉన్నాయి.

ఈ పట్టిక మన పహాణీ లాంటిది. పహాణీ చిరిగితే పొలం ఎక్కడికీ పోదు, గట్లు అక్కడే ఉంటాయి. హిస్సా తీసేస్తే పోయేది పట్టికలోని రాతే. పైన కొత్తది రాయనంత వరకు ఫైళ్లు పదిలం. అందుకే సబర్ చేసి, డిస్కు మీద ఏమీ రాయకుండా, యూఎస్‌బీ నుంచి లినక్స్ నడిపి టెస్ట్‌డిస్క్ పెట్టాను. క్రిస్తోఫ్ గ్రెనియే రాసిన ఉచిత ప్రోగ్రాం అది. ఫైల్ సిస్టమ్ నిషానీలు వెతికి పాత హద్దులు పట్టుకుంటుంది. ఖత్‌ల పేర్లు కనిపించగానే బయటి డిస్కులోకి నకలు తీసుకున్నాను. ఆ తర్వాతే పట్టిక తిరగరాయించాను. అల్‌హమ్దులిల్లాహ్! ఎస్‌ఎస్‌డీలో ఫార్మాట్ కూడా అయిపోయి ఉంటే ట్రిమ్ వల్ల ఈ ఉమ్మీద్ చాలా తక్కువ.

రెండు సిస్టమ్‌లు పెట్టుకునే పిల్లలకు నా మష్వరా ఇది. ముందు బయటి డిస్కులో నకలు తీయండి. బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. విండోస్ హిస్సాను విండోస్‌లోంచే కుదించండి, ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. ఈఎఫ్ఐ హిస్సా రెండింటికీ ఒకటే చాలు, దాన్ని ఫార్మాట్ చేయకండి. లినక్స్‌కు 40 గిగాబైట్లు, మీ ఫైళ్లకు వేరే హోమ్ హిస్సా పెట్టుకోండి. ఏదైనా తీసేసే ముందు పేరు కాదు, సైజు చూడండి. నేను చూడనిది అదే.

ఆ ఖత్‌లు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. ఒక చోటు అమ్మీ ఫోను. ఆ రాత్రి సంగతి మాత్రం ఆమెకు నేటికీ చెప్పలేదు.

అల్లాహ్ హాఫిజ్.