విచ్ (జాంబియా రాక్ వాద్యబృందము)

విచ్ అనునది ఆఫ్రికా ఖండమునందలి జాంబియా దేశమున 1970 దశాబ్ది ఆరంభమున వెలసి, జాంరాక్ అని నేడు ప్రసిద్ధమైన సంగీతరీతికి ముఖ్యప్రతినిధిగా పరిగణింపబడుచున్న వాద్యబృందము. బీభత్సము సృష్టింపబూనితిమను భావముగల ఆంగ్లవాక్యమునందలి తొలి అక్షరముల కూర్పే దీని పేరు.

1964 అక్టోబరు 24న స్వతంత్రమైన ఈ దేశమున, రాగి గనుల రాబడి సమృద్ధముగా నున్న తొలి సంవత్సరములలో, కిట్వే మొదలగు గనిపట్టణముల యువకులు రోలింగ్ స్టోన్స్, జిమి హెండ్రిక్స్, జేమ్స్ బ్రౌనుల రికార్డులను తనివితీర విని, వానినే అనుకరించి పాడుచుండిరి. ఇంతలో, స్వయముగా గిటారు వాయించుచు పాడు అలవాటుగల అధ్యక్షుడు కెనెత్ కౌండా, రేడియోలో వినిపించు సంగీతమున నూటికి 95 పాళ్లు స్వదేశీయమై యుండవలెనని ఆజ్ఞాపించెను. ఆజ్ఞ కళను పుట్టించెననుట అతిశయోక్తియే గాని, సొంతపాట కట్టిన వారికి శ్రోతలను మాత్రము సమకూర్చినది.

బృందమున గాయకుడు ఇమాన్యుయేల్ చాండా. మిక్ జాగర్ పేరును తమ నుడికారమునకు ఒదిగించి అభిమానులు అతనిని జగారి యనిరి. క్రిస్ ఎంబేవే, జాన్ మూమా గిటారులను, గెడియన్ మ్వాములెంగా బాస్ గిటారును, బోయ్‌డీ సింకాలా డ్రమ్ములను వాయించిరి. గరగరలాడు ఫజ్ గిటారు పాశ్చాత్యులదే. పాటలును అధికభాగము ఆంగ్లమున నున్నవే. అయినను ఒక లయపై వేరొక లయను పేర్చుచు సాగు తాళగతియందు స్వదేశపు నాట్యసంప్రదాయము స్పష్టముగా వినవచ్చును. వీరి తొలి ఆల్బమ్ ఇంట్రడక్షన్; దాని వెనుక ఇన్ ద పాస్ట్ (1974), లేజీ బోన్స్ (1975) వెలువడెను. వానిలో కడపటిదే, మందగమనముతో విషాదచ్ఛాయ కలిగి, ఉత్తమమని తోచును.

1970 దశాబ్ది నడుమ రాగి ధర పడిపోవుటతో దేశార్థికస్థితి కుంగి, రికార్డులు కొనువారు తగ్గిరి. జగారి బృందమును వీడి కొంతకాలము ఉపాధ్యాయుడుగా నుండి, పిదప రత్నముల త్రవ్వకములో దిగెను. మిగిలినవారు కొత్తగా చేరిన ప్యాట్రిక్ మ్వాండెలా కీబోర్డుతో డిస్కో బాట పట్టిరి. ఎయిడ్స్ మహమ్మారి ఆ తరపు జాంబియా సంగీతజ్ఞులను పెక్కుమందిని బలిగొనెను. తొలి విచ్ సభ్యులలో జగారి యొక్కడే మిగిలెను.

2010 తరువాత అమెరికాలో పాత రికార్డులు పునర్ముద్రణ పొంది, ఇటాలియను దర్శకుడు జియో అర్లోట్టా తీసిన డాక్యుమెంటరీ 2019లో వెలువడగా, ఐరోపా యువవాద్యగాండ్రు తోడై బృందము పునరుద్ధరింపబడెను. వారితో జగారి, మ్వాండెలాలు లుసాకాలో రికార్డు చేసిన జాంగో అను ఆల్బమ్ 2023లో విడుదలయ్యెను.