దస్తరం నుండి కొత్త కిటికీ దాకా: చేవెళ్ళ, మొయినాబాద్ భూరికార్డుల పఠనంలో లంకె తెరుచుకునే తీరు

భూరికార్డును చదవడమంటే ఒక్క కాగితాన్ని చదవడం కాదు. తెలంగాణలో ఒక సర్వే నెంబరు చరిత్ర తేలాలంటే సేత్వార్‌ను, 1954–55 నాటి ఖాస్రా పహాణీని, ఆ తరువాతి పహాణీలను పక్కపక్కన పెట్టి చూడవలసి ఉంటుంది. సేత్వార్‌లో ఒకటిగా ఉన్న నెంబరు తరువాతి కాలంలో బై నెంబర్లుగా చీలుతుంది. విస్తీర్ణంలో గుంటల తేడా ఎక్కడ మొదలయిందో రెండు కాగితాలూ కళ్ళ ముందు ఉన్నప్పుడే పట్టుబడుతుంది. పట్వారీ దస్తరం విప్పితే ఒక కాగితం తెరిచినందుకు మరొకటి మూసుకుపోయేది కాదు. 1984లో పట్వారీ వ్యవస్థ రద్దయింది, ఆ వెంటనే మండలాలు వచ్చాయి, దస్తరం బీరువా చేరింది. చదివే పద్ధతి మాత్రం అదే. అది తెర మీదికి వచ్చినప్పుడు పైకి అల్పంగా కనిపించే ఒక ప్రశ్న ఎదురైంది: లంకెను నొక్కితే కొత్త పుట పాత పుట స్థానంలోకి రావాలా, వేరే కిటికీలో తెరుచుకోవాలా?

ఈ ప్రశ్నకు చేవెళ్ళ, మొయినాబాద్ మండలాలలో ప్రత్యేకమైన బరువుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహక రక్షణకై 1996 మార్చి 8న వెలువడిన 111వ జీవో పరిధిలోని 84 గ్రామాలలో ఈ మండలాల గ్రామాలు చాలా ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 69వ జీవో ఆ ఆంక్షల స్వరూపాన్ని మార్చింది. కనుక ఇక్కడ ఎకరం పొలమైనా కొనదలచినవాడు పట్టా ఎవరిదో చూసుకుంటే సరిపోదు. సాగుభూమి వివరాన్ని 2020 అక్టోబరు 29న మొదలైన ధరణిలో 2025 ఏప్రిల్ దాకా చూసేవారు, ఇప్పుడు భూభారతిలో చూడాలి. ఇంటి స్థలమైతే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఈసీ చూడాలి. నిషేధిత భూముల జాబితా, మాస్టర్ ప్లాన్ కూడా పరిశీలించాలి. నాలుగు చోట్ల దొరికే నాలుగు ఆధారాలను ఒకదానితో ఒకటి పోల్చాలి. పాత పుట చెరిగిపోయే పద్ధతిలో పోలిక భారమంతా జ్ఞాపకం మీద పడుతుంది. సర్వే నెంబరులో ఒక్క అంకె తప్పినా అది వేరొకరి భూమి అవుతుంది.

సాంకేతిక చరిత్ర చూస్తే, లంకెను వేరే కిటికీలో తెరిచే వెసులుబాటు నెట్‌స్కేప్ నావిగేటర్ 2.0 ఫ్రేములతో పాటు 1996 నాటికి వాడుకలోకి వచ్చింది. వ్యతిరేకతకు ఎంతో కాలం పట్టలేదు. 1999లో జేకబ్ నీల్సన్ దీనిని వెబ్ రూపకల్పనలోని కొత్త తప్పులలో ఒకటిగా లెక్కించాడు. వెనక్కి వెళ్ళే మీట పనిచేయకుండా పోతుందన్నది ఆయన ప్రధాన ఆక్షేపణ. అదే సంవత్సరం మే నెలలో వెలువడిన అభిగమ్యతా మార్గదర్శకాలు పాఠకునికి తెలియజేయకుండా కిటికీని మార్చవద్దన్నాయి. హెచ్‌టీఎంఎల్ 4.01 కఠిన రూపంలో ఆ వెసులుబాటుకే చోటు లేకపోయింది. 2014లో హెచ్‌టీఎంఎల్ 5 దానిని తిరిగి అంగీకరించింది. ఈ మధ్యకాలంలో ట్యాబులు వచ్చాయి. 2004లో ఫైర్‌ఫాక్స్, 2006లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7 వాటిని సామాన్యుని అలవాటుగా మార్చాయి. (సంస్కృత గవాక్షం ఆవు కన్ను, ఇంగ్లీషు విండో పాత నార్స్ భాషలో గాలి కన్ను. రెండూ చూపుకు సంబంధించినవే. ట్యాబుకు మాత్రం తెలుగులో ఇంకా నిలకడైన మాట కుదరలేదు.)

భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లో వెలువడ్డాయి. వాటి వెంట వచ్చిన లంకెల విధానం ప్రకారం, ఇతరులు ప్రభుత్వ పుటకు లంకె ఇచ్చినపుడు అది తమ ఫ్రేములో ఇరుక్కోకుండా కొత్తగా తెరిచిన కిటికీలోనే కనిపించాలి. ఇందులోని కారణం సౌకర్యం కాదు, ప్రామాణికత. పరాయి చట్రంలో కనిపించే పహాణీని ప్రభుత్వ పహాణీగా నమ్మించడం సులువు. ఈ కారణం బలమైనదే. అయితే వేరే చోటికి తీసుకుపోయే లంకె దగ్గర ముందస్తు సూచన ఉండాలన్న మాట అమలులో తరచు చిన్న బాణం గుర్తుగా కుదించుకుపోయింది. ఆ గుర్తును చదవగలిగినవారు అప్పటికే దాని అవసరం లేనివారు.

మీసేవ కేంద్రంలో పెద్ద తెర ముందు కూర్చున్న ఆపరేటరుకు రెండు ట్యాబులు దస్తరంలోని రెండు కాగితాలే. లాగిన్ అయి దరఖాస్తు నింపుతున్నపుడు బయటి లంకె అదే పుటలో తెరుచుకుంటే నింపినదంతా పోయే ప్రమాదం ఉంది. అభిగమ్యతా నిపుణులు సైతం కొత్త కిటికీని సమర్థించే సందర్భాలలో ఇదొకటి. అదే రైతు చేతి ఫోనులో పరిస్థితి తలకిందులవుతుంది. ట్యాబులు పక్కపక్కన ఉండవు, ఒకదాని వెనుక ఒకటి దాగుతాయి. వెనక్కి వెళ్ళే మీట నొక్కితే పాత పుట రాకపోవచ్చు. తెరిచిన పట్టా వివరం ఫోనులోనే ఉంటుంది, కనిపించదు. నీల్సన్ ఆక్షేపణ ఇన్నేళ్ళ తరువాత చేవెళ్ళ సంతలో నిజమవుతుంది. కాబట్టి నిర్ణయం సైటుదా పాఠకునిదా అన్న వాదం ఇక్కడ ఒక్క జవాబుతో తెగదు. పోల్చవలసిన ఆధారాలకు కొత్త కిటికీ, ఆ సంగతి తెలుగు అక్షరాలలో లంకె పక్కనే చెప్పడం అన్నది పహాణీ చదివే సంప్రదాయానికి దగ్గరగా ఉన్న పద్ధతి.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి ప్రారంభమైంది. ప్రతి భూకమతానికి భూధార్ సంఖ్య ఇవ్వడం ఆ చట్టంలో ఉంది. ఒకే సంఖ్యతో ఆధారాలన్నీ ఒకే పుటలోకి వస్తే ఇన్ని కిటికీల అవసరం కొంత తగ్గవచ్చు. 84 గ్రామాల భూవినియోగం మాత్రం రెవెన్యూ శాఖ పుటలో తేలేది కాదు. దానికోసం మొయినాబాద్ కొనుగోలుదారు ఇప్పటికీ ఇంకో కిటికీ తెరవవలసిందే.